గట్టి, కట్టి

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. పాలు కాచే ముందు వాసన చూస్తాను. కండక్టరు చెప్పిన స్టాపు పేరు పక్క సీటు ఆమెని మళ్ళీ అడుగుతాను. ఎవరైనా కారణం లేకుండా నవ్వితే ఆ రోజంతా దాని గురించే ఆలోచిస్తాను. ఇది నా పుట్టుబుద్ధి అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, పద్దెనిమిదేళ్ళు ఎలుకల కార్జాలు కోసే ఉద్యోగం మీరూ చేసి చూడండి.

తిరువళ్లూరు అవతల, కొత్త మందుల్ని ఎలుకల మీద పరీక్షించే ఒక ప్రయోగశాలలో నా పని. మణవాళనగర్ నుంచి కంపెనీ వ్యాను ఎక్కుతాను. నా దగ్గరికి వచ్చేసరికి ఎలుక ఉండదు, లివరు అంటారే, ఆ కార్జం ముక్క మైనంలో దిమ్మకట్టి ఉంటుంది. దాన్ని మిషను మీద ఉల్లిపొర కంటే పల్చగా తరిగి, గోరువెచ్చటి నీళ్ళ మీద తేలవేసి, గాజు పలక మీదికి ఎత్తి, ఊదా, గులాబీ రంగులు అద్దుతాను. ఆ స్లైడుని మైక్రోస్కోపులో చూసి జబ్బు ఉందో లేదో చెప్పేది మా మేడమ్, పశువుల డాక్టరు. ఆమెకి ఎక్కడైనా సందేహం వస్తే మేం నంబర్లు మార్చి అవే స్లైడులు మళ్ళీ పెడతాం. ఏది మందు తిన్న ఎలుకదో తెలిస్తే లేని జబ్బు కూడా కళ్ళకి కనిపిస్తుందని భయం. మా దగ్గర అనుమానపడడం తప్పు కాదు, పద్ధతి.

ఎలుక కార్జంలో జబ్బు రంగుతో మొదలవుతుంది. చుట్టూ కణాలన్నీ ఒకే గులాబీలో ఉంటే, మధ్యలో ఒకచోట గుప్పెడు కణాలు పాలిపోయి కనిపిస్తాయి, లేదా ముదురు ఊదాకి తిరుగుతాయి. అది ఇంకా గడ్డ కాదు, మచ్చ. మందు ఆపేస్తే కొన్ని మచ్చలు మాయమవుతాయి. కొన్ని పెరిగి గడ్డలవుతాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ అవుతాయి. ముసలి ఎలుకలకి ఏ మందూ లేకుండానే మచ్చలు పడతాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి మేడమ్ చెప్పకముందే మచ్చ ఎక్కడుందో నాకు తెలిసిపోతుంది. పైకి మాత్రం అనను.

ఆ కన్ను మా నాయన ఇచ్చింది. ఆయన అత్తిమంజేరిపేటలో లుంగీలు నేసేవాడు. మోకాళ్ళు అరిగి గుంట మగ్గంలో కూర్చోలేని రోజు వచ్చాక ఒక పవర్‌లూమ్ షెడ్డులో బట్ట చూసే పనికి కుదిరాడు. నేసిన బట్టని కర్ర మీద వేసి వెలుతురులో లాగుతూ తప్పులు పట్టుకోవడమే ఆ పని. డెబ్భై దాటినా మానలేదు. రెండు తొట్లలో రంగేసిన నూలు కలిస్తే బట్టలో సన్నగా చాయ తేడా వస్తుంది, మామూలు కంటికి ఆనదు. నాయన మాత్రం బట్ట కదులుతుండగానే వేలు పెట్టేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన నిలబడి నేనూ వేలు పెట్టడం నేర్చుకున్నాను.

పోయిన ఏడాది ఎండాకాలం ముందు నాయనకి ఆకలి తగ్గింది. షుగరు చాలా ఏళ్ళుగా ఉంది కాబట్టి దాని వల్లే అనుకున్నాం. ఆయనతోపాటు ఉండేది మా అక్క. ఆమె తిరుత్తణికి తీసుకుపోయి స్కానింగ్ చేయించింది, ఆ కాగితం పట్టుకుని నేను తిరువళ్లూరులో పెద్ద డాక్టరు దగ్గరికి నాయనని తీసుకుపోయాను. డాక్టరు నాయనని బయట కూర్చోబెట్టి నాతో అరవంలో చెప్పాడు. "ఈరల్ల కట్టి మాదిరి తెరియుదు. ఊసి పోట్టు పాక్కణుం." కార్జంలో గడ్డలాంటిది కనిపిస్తోంది, సూది వేసి చూడాలి అని. అరవంలో ఈరల్ అంటే కార్జం, కట్టి అంటే గడ్డ. సూది పరీక్ష ఆ వారమే చేశారు. గదిలోంచి వచ్చాక నాయన పక్కటెముకల కింద దూది నొక్కుకుని నాతో అన్నాడు, "ఇంతే తీసినారు. సీసాలో చూపించినాడు. తెల్లగా, పోగు మాదిరి ఉండాది."

నాయనని బస్సెక్కించి, అక్కకి ఫోనులో మెసేజ్ పెట్టాను. ఇక్కడొకటి చెప్పాలి. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువుకున్నది అరవ బడిలో. అందుకే తెలుగు మాటలనే అరవ అక్షరాల్లో రాసుకుంటాం. ఇప్పుడు నేను రాస్తున్న ఈ అక్షరాలు ఆ తర్వాత నేర్చుకున్నవి. ఆ రోజు నేను రాసింది మూడు ముక్కలు. నాయన ఈరల్ కట్టి. ఇంకేమీ రాయడానికి చేతులు రాలేదు. అక్క నుంచి జవాబుగా రెండు చేతులెత్తి దణ్ణం పెట్టిన బొమ్మ వచ్చింది. ఏడుస్తూ దేవుడికి మొక్కుకుంటోందని అనుకున్నాను.

ఆదివారం ఊరికి పోతే ఇల్లంతా కళకళలాడుతోంది. అక్క పాయసం చేసింది. షుగరున్న మనిషికి కూడా అర గ్లాసు పోసింది. నాయన తలకి నూనె పెట్టుకుని, తెల్ల పంచె కట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. పక్కింటాయన పలకరిస్తే నాయన ఛాతీ మీద తట్టుకుని, "నా ఈరలు గట్టి అంట! డాక్టరే చెప్పినాడు" అన్నాడు. నాకు మతి పోయింది. క్యాన్సర్ అనుమానమున్న ఇంట్లో పాయసమేమిటి?

వీళ్ళు నాటకమాడుతున్నారని తీర్మానించుకున్నాను. నాయనకి తెలియకూడదని అక్క నవ్వుతోంది. అక్కకి తెలియకూడదని నాయన నవ్వుతున్నాడు. నేను బాధపడకూడదని ఇద్దరూ నవ్వుతున్నారు. అక్క గ్లాసు చేతికిస్తే ముఖం చిట్లించుకుని పక్కన పెట్టాను. "ఏమే, ఎట్లనో ఉండావు? మంచి మాట చెప్పి నువ్వే మూతి ముడుచుకుంటే ఎట్ల?" అంది. మంచి మాటా? ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సు ఎక్కేదాకా వాళ్ళిద్దరి కళ్ళూ గమనిస్తూనే ఉన్నాను.

మరో రెండు వారాలు ఇలాగే నడిచింది. నేను ఫోను చేసి ఏడుపు గొంతుతో అడగడం, అక్క హుషారుగా జవాబు చెప్పడం. చివరికి నాకు ఒళ్ళు మండింది. "నా కాడ కూడా దాచితే ఎట్లక్కా? ఏడవాలనుంటే ఏడువు" అన్నాను. అక్క వెంటనే, "ఏడిచేదెందుకు? నువ్వే కదా ఈరలు గట్టి అని రాసినావు" అంది.

అప్పుడు తెలిసింది. అరవంలో 'క'కీ 'గ'కీ ఒకటే అక్షరం. కట్టి అని రాసినా, గట్టి అని రాసినా కాగితం మీద ఒకటే. నేను గడ్డ అని రాస్తే అక్క గట్టి అని చదువుకుంది. నాయన కార్జం రాయిలాగా గట్టిగా ఉందట, ఏ జబ్బూ లేదట. ఊరంతా చెప్పుకుంది. దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చింది. అది గడ్డ అని చెప్పి, ఫోనులో ఆమె ఏడుపు విన్నాక నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. రెండు వారాలు ఆమెని అబద్ధాలకోరు అనుకున్నాను, తప్పు రాసింది నేను.

"నాయనకి చెప్పొద్దు. ఆయన గట్టి అనుకునే ఉండనీ" అంది అక్క. సరే అన్నాను. మా వైపు ఇళ్ళల్లో ఇది మామూలే. జబ్బు పేరు జబ్బుపడిన మనిషికి తప్ప అందరికీ తెలుస్తుంది.

ఆసుపత్రి రిపోర్టులో తేల్చి చెప్పలేదు. ఇంకొకరికి చూపించమని స్లైడు కవరులో పెట్టి నా చేతికే ఇచ్చారు. ఆ కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని రెండు రోజులు పనికి పోయాను. మూడో రోజు భోజనాలప్పుడు గదిలో ఎవరూ లేకుండా చూసి మైక్రోస్కోపు కింద పెట్టాను. తప్పని తెలుసు. ఎలుకల గదిలో మనిషిది చూడకూడదు, చూసి చెప్పే చదువు నాకు లేదు. అయినా డాక్టరు మాట కంటే నా కన్నుని నమ్మాను.

ఎలుక ముక్క బొటనవేలి గోరంత వెడల్పుంటుంది. ఇది నిజంగా పోగే, సన్నగా, ఒకచోట వంగి. ముందు వెతికింది చారల కోసం. మనుషుల్లో కార్జం క్యాన్సర్ ఎక్కువగా గట్టిపడ్డ కార్జంలోనే వస్తుందని మేడమ్ చెబుతుండగా విన్నాను. తాగుడు వల్లో, పాత కామెర్ల వల్లో కార్జం దెబ్బతిని, మాని, మళ్ళీ దెబ్బతిని, లోపల చారలు కట్టి రాయిలా బిగుసుకుపోతుంది. ఆ గట్టిలో కట్టి పుడుతుంది. ఎలుకకి అట్లా కాదు. మెత్తటి కార్జంలోనే మచ్చపడి, మెత్తటి కార్జంలోనే గడ్డ పెరుగుతుంది. నాయన పోగులో చారలు కనపడలేదు. అంటే గట్టి లేదు. గట్టి లేకపోతే కట్టి కూడా ఉండదు కదా అని ఒక నిమిషం ఊపిరి పీల్చుకున్నాను.

పలకని కొంచెం జరిపాను. మచ్చ కనిపించింది.

పాలిపోయిన కణాలు, ఒకే గుంపుగా. లోపల ఖాళీగా, ఉబ్బి. వేల ఎలుకల్లో చూసిన మచ్చే, ఇందులో ఏ తేడా లేదు. మా నాయనకి మనుషుల పద్ధతిలో కాకుండా ఎలుకల పద్ధతిలో జబ్బు వచ్చిందని అనుకున్నాను. ఇంత పిచ్చి ఆలోచన నాకే రావాలి.

ఆ పిచ్చిలోనే ఇంకో పని చేశాను. మేడమ్ చూడాల్సిన ట్రేలో, ఎలుకల స్లైడుల మధ్యన నాయన స్లైడు పెట్టాను. పేరు మీద ఒక కాగితం ముక్క అతికించి అంకె వేశాను. నన్ను చూసి జాలిపడి చెప్పే మాట నాకు వద్దు. ఎవరిదో తెలియకుండా చూస్తే నిజం చెబుతుందని అనుకున్నాను. మా పద్ధతే కదా అది.

మేడమ్ పది ఎలుకలు చూసింది. పదకొండోది పెట్టి, కళ్ళు కూడా పూర్తిగా ఆనించకుండానే తల ఎత్తింది.

"ఇది ఎలుకది కాదు. ఎవరిదండీ ఇది?"

మేడమ్‌ది కోస్తా. కోపమొస్తే 'అండీ' ఇంకా గట్టిగా పలుకుతుంది. కాగితం ముక్క గోరుతో తీసి పేరు చదివింది. నా ఇంటిపేరు కనబడేసరికి కుర్చీ చూపించింది. ఉద్యోగం పోతుందనుకున్నాను. చాలాసేపు తిట్టింది, తర్వాత ఆ స్లైడు మళ్ళీ పెట్టి చూసి, నీళ్ళ సీసా నా ముందు పెట్టింది.

"మీరు ఏం చూసి భయపడ్డారో నాకు తెలుసు. ఆ పాలిపోయిందే కదా? నాన్నగారికి షుగరుందా?"

"ఉండాది మేడమ్. ఇరవై ఏండ్లుగా."

"షుగరు ఉన్నవాళ్ళ కార్జంలో కొవ్వు చేరుతుంది, చక్కెర చేరుతుంది. కణాలు అలా తెల్లగా ఉబ్బుతాయి. ఎలుకలో మీకు తెల్లటిది మచ్చ. మనిషిలో అది అన్నిసార్లూ మచ్చ కాదు. ఎలుక కళ్ళతో మనిషిని చూడకండి."

"అయితే ఏమీ లేనట్లేనా?"

"అది నేను చెప్పను. నేను చదివింది వేరు. ఇంకోటి, గట్టిపడని కార్జంలో మనుషులకి క్యాన్సర్ రాదని కూడా అనుకోవద్దు. తక్కువగా వస్తుంది, అంతే. మనుషుల కార్జాలు చదివే డాక్టరు ఒకాయన మద్రాసులో ఉన్నాడు, అక్కడికి పంపండి." చిరునామా రాసిచ్చింది. మళ్ళీ ఇలాంటి పని చేస్తే వ్యాను ఎక్కనివ్వనంది.

మద్రాసు రిపోర్టు ఒక శుక్రవారం వచ్చింది. పాలిపోయిన చోట ఏ తప్పూ లేదట, కొవ్వే. తప్పు పోగు రెండో కొసన ఉంది. నేను ఒక్కసారి చూసి బాగానే ఉందని వదిలేసిన చోటు. అక్కడ కణాల రంగు మామూలే, చాయ మామూలే. కానీ మంచి కార్జంలో కణాలు ఒక వరస, మహా అయితే రెండు వరసల మందంలో నిలబడాలి. అక్కడ మూడు, నాలుగు వరసలు దట్టంగా పేరుకున్నాయి. మగ్గం అచ్చు సందులో ఒక్క పోగు రావాల్సిన చోట నాలుగు పోగులు దూర్చినట్టు. క్యాన్సరే. చిన్నది, తొలిదశ, ఒక్కటే ఉంది. సూదితోనే లోపల కాల్చేయవచ్చు, ఆలస్యం చేయకుండా సోమవారం రమ్మన్నారు.

రంగు కోసం వెతికి లెక్క మరిచిపోయాను. నా అనుమానమంతా ఏ తప్పూ లేని చోట పెట్టి, అసలు చోటుని నమ్మాను.

అక్కకి ఫోను చేసి చెప్పాను. ఈసారి రాయలేదు, నోటితో చెప్పాను. నాయనకి ఏం చెప్పాలో కూడా ఇద్దరం కూడబలుక్కున్నాం. కార్జంలో కొంచెం కొవ్వు చేరింది, సూదితో కరిగిస్తారు, ఒక రోజు ఆసుపత్రిలో ఉండాలి. ఆదివారం ఉదయం ఊరికి పోయాను. మద్రాసు నుంచి తిరిగొచ్చిన స్లైడు హ్యాండ్‌బ్యాగులో చిన్న డబ్బాలో ఉంది, సోమవారం ఆసుపత్రిలో చూపించాలి.

నాయన వాకిట్లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను కొవ్వు కథ చెప్పాను. "సరే, సరే" అన్నాడు. అడ్డు ప్రశ్న ఒక్కటి కూడా వేయలేదు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు, నాకు అప్పుడే అనుమానం రావలసింది. కళ్ళద్దాలు తీయబోతే బ్యాగులోంచి స్లైడు డబ్బా బల్ల మీద పడింది.

"ఏమది?"

"పనిది నాయనా. ఎలకది."

"ఇట్లియ్యి."

ఇవ్వకపోతే అనుమానిస్తాడని ఇచ్చాను. నాయన గాజు పలకని అంచులు పట్టుకుని, బట్ట చూసినట్టే సూర్యుడి వైపు ఎత్తాడు. ఆ పోగు గులాబీరంగులో కనిపించింది. చాలాసేపు చూశాడు. ఒక కొసన చూపు ఆపాడో, నాకు అట్లా అనిపించిందో తెలియదు.

"ఎలకవి గోరంత వెడల్పు ఉంటాయని అంటివే. ఒకతూరి ఫోటో కూడా చూపిస్తివి."

"కొన్ని ఇట్లా కూడా ఉంటాయి."

"ఊఁ." పలక దించి, పంచె అంచుతో వేలిముద్రలు తుడిచి, జాగ్రత్తగా డబ్బాలో పెట్టాడు. మూత బిగించి నా చేతికిచ్చి అడిగాడు.

"ఆ ఎలక్కి చెప్పినారా?"

ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. నాయన నా వీపు మీద చెయ్యి వేశాడు, లోపల అక్కకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"తిరుత్తణిలో స్కానింగ్ చేసేటప్పుడే ఆ మిషను పట్టుకున్న పాప, పక్కన టైపు కొట్టే పాపకి చెప్తా ఉంటే వినినాను. కట్టి అనింది. నాకు అరవం రాదా ఏంది? తర్వాత నువ్వు రాసింది మీ అక్క నా ముఖం ముందర పెట్టింది. ఆమె గట్టి అని చదివింది. నేను కట్టి అనే చదివినాను."

"మరి అప్పుడే చెప్పకుండా?"

"ఎట్ల చెప్పేది? గట్టి గట్టి అని ఇల్లంతా తిరగతా ఉంటే, ఆ సంతోషం చూసి కాదని చెప్పేదానికి నాకు నోరు రాలేదు. పాయసం కూడా తాగినాను."

ఆ మొదటి ఆదివారం నేను అనుమానించింది నిజమే. ఇద్దరిలో ఒకరు నటిస్తూనే ఉన్నారు. కాకపోతే అక్కది నటన కాదని తెలిశాక, ఛాతీ తట్టుకున్న మనిషిదీ కాదని నమ్మేశాను. ఆ మనిషి అన్నాళ్ళూ ఆ మాటని ఒక్కడే మోసుకుని తిరిగాడు. నాకు ఆయన మీద కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువ నా మీద కోపమొచ్చింది.

"రేపు ఎన్ని గంటలకి, యాడికి పోవాల? నిజం చెప్పు" అన్నాడు. మొత్తం చెప్పాను. క్యాన్సర్ అన్న మాట కూడా చెప్పాను. చిన్నదనీ, ఒక్కటేననీ, కాల్చేస్తారనీ. విన్నంతసేపూ తల ఊపాడు. చివర్లో అన్నాడు, "మీ అక్కకి మాత్రం నాకు తెలుసునని చెప్పొద్దు. నన్ను ఏమార్చినానని ధైర్యంగా ఉండాది. ఉండనీ."

అప్పుడే అక్క మజ్జిగ చెంబుతో వాకిట్లోకి వచ్చింది. నా కళ్ళు చూసింది, నా చేతిలోని డబ్బా చూసింది. నాయన వైపు తిరిగి నవ్వుతూ, "ఏం నాయనా, గట్టిగా ఉండావా?" అంది.

"గట్టిగానే ఉండాను."

అక్క చెంబు అందిస్తూ ఒక్క క్షణం ఎక్కువగా ఆయన చెయ్యి పట్టుకుంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమెకి కూడా తెలుసేమోనని అప్పుడు నాకు అనుమానం మొదలైంది.